ఋషికుల్య తీరం ఎవరిది?

ఈ ఏడాది పత్రికకు వ్యాసాలు రాయమన్నప్పుడు మా సోషల్ మాస్టారు ఒక మాట అన్నారు. "ఢిల్లీ చరిత్ర, హంపీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. మీ ఊరి చరిత్ర మీరు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?" అని. మాది గంజాం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా ఊళ్లో కోట లేదు, పాత గుడి లేదు, రాజుల కథ లేదు. ఏం రాయాలా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి మా దగ్గర సముద్రంలో కలిసే ఋషికుల్య నది గురించీ, ఆ తీరానికి వచ్చే తాబేళ్ల గురించీ రాయాలనుకున్నాను.

దానికి ఒక కారణం ఉంది. ఒకసారి తాబేళ్లు వచ్చే రోజుల్లో ఎవరో ఊరు కాని ఊరాయన కెమెరా పట్టుకుని వచ్చాడు. ఒడ్డున ఒక చచ్చిన తాబేలు పడి ఉంది. దాని పక్కనే మా వాళ్ల పడవలు ఉన్నాయి. ఆయన పడవల వైపు చూపించి, "వీళ్లే వీటిని చంపేది" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది కానీ జవాబు రాలేదు. ఎందుకంటే ఆయన అన్నది నిజమో అబద్ధమో నాకే తెలీదు. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఈ వ్యాసం.

మా వాళ్లు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రాంతంగా ఏర్పడే వరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే బరంపురంలోనూ, గోపాల్‌పూర్‌లోనూ, సముద్రం ఒడ్డు పల్లెల్లోనూ తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. పోడంపేట లాంటి ఊళ్ల పేర్లు వింటేనే ఆ సంగతి తెలుస్తుంది. ఒడ్డున చేపలు పట్టే తెలుగువాళ్లలో వాడబలిజలు, జాలార్లు ఎక్కువ. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు.

పూరీ వెళ్లినవాళ్లు నోలియాలను చూసే ఉంటారు. తలకి సూదిగా ఉండే టోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని కెరటాల్లో స్నానం చేయించేది వాళ్లే. ఈత రాని ముసలివాళ్లు కూడా, జీవితంలో మొదటిసారి సముద్రం చూసినవాళ్లు కూడా నోలియా చెయ్యి పట్టుకుని ధైర్యంగా నీళ్లలోకి దిగేవారు. చేపలు పట్టడం ఎంత పాత పనో, సముద్రానికి కొత్తగా వచ్చినవాళ్లకు తోడుండడం కూడా మా వాళ్లకు అంత పాత పనే. ఈ మాట ఏ పాఠంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బండ మీద రాసిన సంగతులు

పోయిన సంవత్సరం మా స్కూలు వాళ్లు మమ్మల్ని జౌగఢ తీసుకెళ్లారు. బరంపురం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. పురుషోత్తంపూర్ దగ్గర, మా ఋషికుల్య ఒడ్డునే ఉంది. జౌగఢ అంటే లక్క కోట అని అర్థం చెబుతారు. ఇప్పుడు మట్టి గట్లు తప్ప కోట కనిపించదు. కానీ అక్కడ ఒక పెద్ద బండ ఉంది. దాని మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి.

అశోకుడు క్రీ.పూ. 261లో కళింగ మీద యుద్ధం చేశాడని మనం చదువుకున్నాం. ఆ తర్వాత ఆయన ఈ బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనాలు చెక్కించాడు. అప్పుడు ఈ ఊరి పేరు సమాపా. తర్వాత చాలా వందల ఏళ్లు ఆ అక్షరాలు చదివేవాళ్లే లేకపోయారు. 1850లో వాల్టర్ ఎలియట్ అనే మద్రాసు ప్రభుత్వ అధికారి వీటికి నకలు తీశాడు. ఈ ఎలియటే ఉత్తర సర్కారుల్లో మొక్కలకు జనం వాడే తెలుగు పేర్లు పోగుచేసి 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' అనే పుస్తకం వేశాడు. రాతి మీద అక్షరాలనీ, పొలం గట్టు మీద మొక్కలనీ ఒకే మనిషి అంత శ్రద్ధగా చూశాడని తెలిసి నాకు ఆశ్చర్యమేసింది.

ఆ శాసనాల్లో ఏముందో మాస్టారు అక్కడే చెప్పారు. మొదటి శాసనంలో రాజు తన వంటింటి గురించే చెప్పుకుంటాడు. ఇంతకుముందు తన వంటశాలలో రోజూ లక్షల జంతువులను చంపేవారట. ఇప్పుడు మూడే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక జింక. ముందుముందు అవి కూడా చంపరు అంటాడు. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేని చోట నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు వేయించాననీ చెబుతాడు. చోళులు, పాండ్యులు, కేరళపుత్రులు, తామ్రపర్ణి అంటే శ్రీలంక, అక్కడి దాకా ఈ ఏర్పాట్లు ఉన్నాయంటాడు. ఇవే శాసనాలు ఆంధ్రలో కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉన్నాయి.

జౌగఢకు ఇంకో ప్రత్యేకత ఉంది. కళింగ యుద్ధంలో ఎంతమంది చనిపోయారో చెప్పే 13వ శాసనం ఇక్కడ చెక్కలేదు. దాని బదులు కళింగ వాళ్ల కోసమే రాసిన వేరే రెండు శాసనాలు ఉన్నాయి. ప్రజలందరూ తన బిడ్డలేననీ, అధికారులు ఎవరినీ అన్యాయంగా బంధించకూడదనీ, బాధపెట్టకూడదనీ వాటి సారాంశం.

ఎండలో ఆ బండ ముందు నిలబడినప్పుడు నాకు ఒకటి తోచింది. జంతువుల మీద దయ, మనుషులకు న్యాయం, రెండూ ఒకే బండ మీద ఉన్నాయి. దయకొక బండ, న్యాయానికొక బండ అని విడిగా చెక్కించలేదు. పైగా చంపడం తగ్గించే పని రాజు ముందు తన వంటింట్లోనే మొదలుపెట్టాడు. ఈ మాట గుర్తుపెట్టుకుని అదే నది వెంట కిందికి, సముద్రం దాకా వద్దాం.

మామ్మ తాబేళ్లు, పుస్తకం తాబేళ్లు

మా తీరానికి వచ్చేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. ఒడియాలో తాబేలును కఇంఛ అంటారు. ఒక్కోటి 40 కిలోల దాకా ఉంటుంది. శీతాకాలంలో సముద్రంలో మా తీరం దగ్గరికి చేరతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని రాత్రుల పాటు ఒక్కసారిగా వేలు, లక్షల తాబేళ్లు ఒడ్డెక్కుతాయి. ఇలా గుంపుగా రావడాన్ని అరిబాడా అంటారు. స్పానిష్ భాషలో రావడం అని అర్థం. ఇసుకలో మూరెడు గొయ్యి తవ్వి, నూరు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాన్ని తన ఒంటితో తట్టి తట్టి గట్టిచేసి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. మెక్సికో, కోస్టారికా లాంటి కొద్ది దేశాల్లోనే ఇలాంటి తీరాలు ఉన్నాయి. మన దేశంలో ఒడిశా వాటికి పెద్ద చోటు.

పుస్తకంలో చరిత్ర ఇలా ఉంది. కేంద్రపడా జిల్లా గహిర్‌మఠ తీరం గురించి 1974లో బస్టర్డ్ అనే శాస్త్రవేత్త ప్రపంచానికి చెప్పారు. ఆయన మొసళ్ల పని మీద వచ్చి తాబేళ్లను చూశారు. దేవీ నది ముఖం సంగతి 1981లో బయటికి వచ్చింది. మా ఋషికుల్యను 1994లో వన్యప్రాణి సంస్థకు చెందిన బివాస్ పాండవ్ గారు కనుగొన్నారు. గహిర్‌మఠను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు.

ఇది చదివి మా మామ్మకు వినిపించాను. ఆవిడ ఎండు చేపలు ఏరుతూ నవ్వింది. "ఏటే, 1994లో కనిపెట్టినారా? మా అయ్య తెప్ప కట్టిన కాలంకాడ్నించీ అయ్యి వొత్తన్నాయి. మాకు తెలీదేటి?" అంది.

మామ్మ మాటా తప్పు కాదు, పుస్తకమూ తప్పు కాదు. మా వాళ్లకు తాబేళ్లు తెలుసు. కానీ ఇలాంటి తీరాలు ప్రపంచంలో ఇంత తక్కువ ఉన్నాయని తెలీదు. శాస్త్రవేత్తలు వచ్చి లెక్కపెట్టి చెప్పాకే ఆ విలువ తెలిసింది. ఆ శాస్త్రవేత్తలకు దారి చూపించి, రాత్రుళ్లు లాంతరు పట్టుకుని వెంట నడిచింది ఊళ్లవాళ్లే. పుస్తకంలో మొదటి సంగతి ఉంది, రెండోది లేదు.

మామ్మను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. "మనవాళ్లు గుడ్లు తినేవారా?" అని. మామ్మ కాసేపు మాట్లాడలేదు. "కూర్మనాథుడు కదా, శ్రీకూర్మంలో దణ్ణం పెట్టీవోలం. తాబేల్ని కొట్టీవోలం కాదు. కానీ కడుపు కాలిన ఏడు గుడ్లు తీసినోలు ఉన్నారు. అబద్ధం ఆడకూడదు" అంది. ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. చరిత్ర అంటే మనకు బాగున్నవి మాత్రమే రాయడం కాదని మాస్టారు చెప్పారు, అందుకని రాశాను. ఆ రోజుల్లో గహిర్‌మఠ వైపు గుడ్లు పడవల కొద్దీ తీసుకెళ్లేవారు. దానికి లైసెన్సులు కూడా ఇచ్చేవారు. తాబేళ్ల మాంసం కలకత్తా బజారుకు వెళ్లేది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి, తాబేలును మొదటి షెడ్యూల్లో, అంటే పులితో సమానంగా చేర్చాక అది తగ్గింది.

మరి ఒడ్డున చచ్చి పడేవి ఎందుకు చస్తున్నాయి? తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాలర్లు గంటల తరబడి పెద్ద వల ఈడ్చినప్పుడు అందులో చిక్కిన తాబేలు ఊపిరాడక చనిపోతుంది. 1990ల చివర్లో ఒడిశా ఒడ్డున ఏటా వేల తాబేళ్లు ఇలా చచ్చి కొట్టుకొచ్చాయి. ట్రాలు వలలో ఒక ఇనుప చట్రం బిగిస్తే చేపలు, రొయ్యలు వలలోకి వెళ్తాయి, తాబేలు మాత్రం పై కంతలోంచి బయటపడుతుంది. అందరూ దాన్ని సరిగా వాడితే చాలా ప్రాణాలు నిలుస్తాయి. నిజం చెప్పాలంటే మా చిన్న పడవల వలల్లో కూడా అప్పుడప్పుడు తాబేలు పడుతుంది. ఒకసారి మా నాన్న వలలో పడితే కత్తితో వల కోసి వదిలేశాడు. ఆ వల బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వేటకి వెళ్లలేదు.

తాబేళ్లు వచ్చే నెల, నాన్న ఉండని నెల

తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవీ, ఋషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర సముద్రంలో 20 కిలోమీటర్ల వరకు చేపల వేట నిషేధం. నిషేధం ట్రాలర్లకూ, ఇంజను పడవలకూ. తెడ్డు వేసే తెప్పలకు కాదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇప్పుడు చిన్న పడవలకు కూడా ఇంజను బిగించుకున్నారు. తెడ్డు పట్టుకునేవాళ్లు చాలా తక్కువ. అంటే పెద్ద ట్రాలరుకీ, మా నాన్న పడవకీ ఒకటే లెక్క అయింది. ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది. ఏడు నెలలు ఇల్లు గడవడానికి అది చాలదు.

అందుకని దీపావళి వెళ్లగానే మా నాన్న, బాబాయిలు రైలెక్కుతారు. కొందరు చెన్నై, కొందరు కేరళ వెళ్లి వేరేవాళ్ల పడవల మీద కూలికి పనిచేస్తారు. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇంతే. ఎండాకాలం చివర్లో తిరిగొస్తారు. గుడ్లు పెట్టాక మా తాబేళ్లు కూడా దక్షిణంగా తమిళనాడు, శ్రీలంక వైపు ఈదుకుంటూ పోతాయని ఉపగ్రహ పరికరాలు కట్టి తెలుసుకున్నారు. గహిర్‌మఠలో 2021లో గుర్తు కట్టిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. అశోకుడి రెండో శాసనంలో ఉన్న దేశాల వైపే తాబేళ్లూ పోతున్నాయి, మా నాన్నా పోతున్నాడు.

నిషేధం తీసెయ్యాలని నేను అనడం లేదు. దానివల్ల మేలు జరిగింది. కొన్ని సంవత్సరాలు తాబేళ్లు మా తీరానికి గుంపుగా రానే లేదు. 2025 ఫిబ్రవరిలో మాత్రం ఒక్క ఋషికుల్యలోనే ఆరు లక్షలకు పైగా వచ్చాయని అటవీ శాఖ లెక్క. మా నాన్న కూడా తాబేళ్ల మీద కోప్పడడు. "అది బిడ్డల కోసం వస్తంది, మనం బిడ్డల కోసం పోతన్నాం" అంటాడు. నేను అడిగేది ఒక్కటే. జౌగఢ బండ మీద దయ, న్యాయం పక్కపక్కన ఉన్నట్టు, తాబేళ్ల చట్టంలో మా నాన్న లాంటి వాళ్ల సంగతి కూడా పక్కన ఉండకూడదా?

అది కుదురుతుందని మా జిల్లాలోనే రుజువు ఉంది. లోపలికి వెళ్తే భెట్నోయి, బలిపదర్ ఊళ్ల వైపు కృష్ణజింకలు పొలాల్లో మనుషుల మధ్యే తిరుగుతాయి. అవి పొలంలోకి వస్తే ఆ ఏడు పంట బాగుంటుందని అక్కడి రైతుల నమ్మకం. పైరు తిన్నా కొట్టరు. 2021 లెక్కలో గంజాంలో ఏడు వేలకు మించి కృష్ణజింకలున్నాయి. ఆ పొలాలకు కంచె వేసి రైతులను బయటికి పంపి ఉంటే అన్ని జింకలు ఉండేవి కావని నా అభిప్రాయం. మా తీరంలో కూడా ఊళ్ల కుర్రాళ్లు కలిసి ఋషికుల్య తాబేళ్ల రక్షణ సమితి పెట్టుకున్నారు. కుక్కలను, నక్కలను తోలుతారు. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో దీపాలు ఆర్పమని ఇంటింటికీ చెబుతారు. ఎందుకంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. చీకటి రాత్రి సముద్రమే వెలుగుగా ఉంటుంది. రోడ్డు మీద లైట్లుంటే అటు పోయి చచ్చిపోతుంది.

నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న

మా క్లాసులో నా స్నేహితురాలు ఒకమ్మాయి చేతికర్రలతో నడుస్తుంది. జౌగఢకు బస్సు దగ్గర దాకా వెళ్లింది కాబట్టి ఆమె కూడా వచ్చింది. ఏప్రిల్‌లో తాబేలు పిల్లలు బయటికొచ్చేటప్పుడు చూస్తానంది. ఒడ్డుకు వచ్చింది కానీ కర్రలు ఇసుకలో దిగిపోయాయి. అప్పుడు ఊళ్లో అన్నలిద్దరు ఒక పాత పడవ చెక్క తెచ్చి, దాని మీద కూర్చోబెట్టి ఎత్తుకెళ్లారు. తెల్లవారుజామున ఇసుక కదిలి, అరచేతిలో సగం కూడా లేని పిల్లలు వందల కొద్దీ సముద్రం వైపు పరుగెత్తాయి. వాటిలో వెయ్యింటికి ఒకటి పెద్దదవుతుందని అంటారు. మేం ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు స్కూల్లో ఆమె, "చాలా బాగుంది. కానీ ప్రతిసారీ ఎవరో ఒకరు మొయ్యాల్సిందేనా?" అంది. మేం మంచి పని చేశాం అనుకుని సంతోషంగా ఉన్నాను. ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. ఒకరోజు మోసుకెళ్లడం వేరు, వాళ్లంతట వాళ్లు వచ్చే దారి ఉండడం వేరు.

అందుకని నాకు తోచినవి రాస్తున్నాను. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటికి అడ్డం రాకుండా, ఒక పక్కగా, అవసరమైనప్పుడు తీసెయ్యగలిగే చెక్కల బాట వేయొచ్చు. అప్పుడు ముసలివాళ్లు, నడవలేనివాళ్లు కూడా వస్తారు. తీరంలో పెట్టే బోర్డుల్లో ఒడియా, ఇంగ్లీషుతోపాటు తెలుగు కూడా ఉంటే మా మామ్మ లాంటివాళ్లకు ఎవరైనా చదివి వినిపించొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నిషేధం ఉన్న నెలల్లో తీరానికి కాపలాగా, చూడడానికి వచ్చినవాళ్లకు తోడుగా మా మత్స్యకారులకే జీతం ఇచ్చి పని ఇవ్వాలి. పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్లినవాళ్లకు ఈ పని కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆ కెమెరా ఆయన మళ్లీ వస్తే ఇప్పుడు జవాబు చెప్పగలను. "మా తప్పు కొంచెం ఉందండీ. పెద్ద వలల తప్పు చాలా ఉంది. ఈ తాబేళ్లను కాపాడిన చేతుల్లో మా వాళ్ల చేతులు కూడా ఉన్నాయి. రండి, చూపిస్తాను, కానీ ఫ్లాష్ వెయ్యకండి" అంటాను.

ఈ వ్యాసం చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇంట్లో మామ్మ ఉంటే, తాత ఉంటే, మీ ఊళ్లో చెరువుకో చెట్టుకో పిట్టకో ఏం జరిగిందో అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. పెద్దలు, ఉపాధ్యాయులు మా స్నేహితురాలి ప్రశ్న గురించి ఆలోచించమని కోరుతున్నాను.

ఏటా ఫిబ్రవరిలో మా నాన్న కేరళ నుంచి ఫోన్ చేస్తాడు. నా మార్కులు, ఇంటి ఖర్చులు తర్వాత. ముందు అడిగేది, "ఏమ్మా, తాబేళ్లొచ్చినాయా?" అనే. అవి ఒడ్డెక్కే రాత్రి నాన్న పక్కన నిలబడి చూడాలని నా కోరిక. నాకు పద్నాలుగేళ్లు వచ్చాయి. ఇంతవరకూ అలా ఒక్కసారి కూడా జరగలేదు.